అందరి పాత్రల్లోనూ ఒకటే వాన

నా చిన్నప్పుడు సింగపూర్‌లోని సెంగ్‌కాంగ్‌లో పెద్ద వాన వెలిసిందంటే పిల్లలకంటే పెద్దవాళ్ళకే హడావుడి ఎక్కువగా ఉండేది. మంచు కురిసే దేశాల్లో తుఫాను తగ్గాక ఇరుగుపొరుగువాళ్ళు పెరట్లో స్కేలు గుచ్చి, మీకెంత పడింది మాకెంత పడింది అని లెక్కలు చెప్పుకుంటారట. మాకు మంచెక్కడిది? డిసెంబరులో రోజుల తరబడి పట్టుకునే ముసురే మాకు చలికాలం. మా అపార్ట్‌మెంట్ బ్లాకు పక్కన అంతస్తులుగా కట్టిన కార్ పార్కు ఉండేది. దాని పైకప్పు మీద మట్టి పోసి, కావాలన్నవాళ్ళకి ఇంటికో మడి ఇచ్చారు. మా వరస ఇళ్ళవాళ్ళు ఎవరి మడిలో వాళ్ళు ఒక పాత్ర పెట్టి వాన పట్టేవాళ్ళు. ఎవరు మొదలుపెట్టారో నాకు తెలియదు గానీ, నాకు ఊహ తెలిసేసరికే అదొక పిచ్చిలా ముదిరిపోయి ఉంది.

చివరింటి చైనీస్ అంకుల్‌ది నిటారుగా ఉండే బిస్కెట్ డబ్బా. మలయ్ ఆంటీది మూతి వెడల్పుగా, అడుగు సన్నగా ఉండే ప్లాస్టిక్ బకెట్. మా అమ్మ మాత్రం ఇంట్లో ఇంకేమీ దొరకనట్టు ఒక స్టీలు చెంబు తెచ్చి గోంగూర మొక్కల మధ్య పెట్టింది. సన్న మూతి, పెద్ద పొట్ట. దానితో వాన కొలవాలని మా తెలుగువాళ్ళకి తప్ప ఇంకెవరికి తోస్తుంది? పడేది ఒకే వాన, ఉండేది పక్కపక్క మళ్ళే. అయినా బకెట్‌లో నీళ్ళు ఎప్పుడూ అన్నిటికంటే ఎత్తుగా ఉండేవి, డబ్బాలో ఓ మోస్తరుగా, మా చెంబులో అడుగున ఎక్కడో. వేళ్ళు ముంచి కొలుచుకుని, బకెట్ గెలిచిందని మలయ్ ఆంటీ మురిసిపోయేది. డబ్బా చెప్పిందే నిజమని అంకుల్ వాదించేవాడు. మా నాన్న ఓడిపోయిన చెంబుని వెనకేసుకొచ్చేవాడు. వాదన అయ్యాక ముగ్గురూ నీళ్ళు పారబోసేవాళ్ళు. నిలవ నీళ్ళలో దోమలు పుడితే ఇక్కడ ఊరుకోరు, వచ్చి జరిమానా వేసిపోతారు.

మా పక్కింటి ఆంటీకి మడీ లేదు, పాత్రా లేదు. చాంగీ బిజినెస్ పార్కులో ఏదో బ్యాంకు ఆఫీసులో పనిచేసేది. విజయనగరం వైపు మనిషి, మాట కరుకు. మా కరివేపాకు కోసం వచ్చి, పనీపాటా లేనివాళ్ళు పోగయ్యారంటూ ఆ ముగ్గుర్నీ ఆటపట్టించి పోయేది. పిల్లల్ని ముద్దు చెయ్యడం ఆవిడకి చేతకాదు. నాకు ఆవిడంటే కాస్త బెదురుగానే ఉండేది.

మా నాన్న పుట్టింది మలేషియాలోకి వెళ్ళే కాజ్‌వే వంతెన అవతల, జొహోర్‌లో. నానమ్మ మాత్రం నేను పుట్టినప్పటినుంచీ మాతోనే, నా గదిలోనే ఉండేది. తెలుగులో మొదలుపెట్టిన మాటని మలయ్‌లో ముగించేది. ఇంట్లో నేను ఇంగ్లీషులో జవాబిస్తే వినపడనట్టు కూర్చునేది, తెలుగులో అడిగితే గానీ కథ చెప్పేది కాదు. ఒక డిసెంబరులో ఆవిడ జొహోర్‌లో చెల్లెలి ఇంటికి వెళ్ళింది. అది ఏటి పక్క ఊరు. ముసురు పట్టగానే ఏరు పొంగుతోందని అక్కడినుంచి ఫోను వచ్చింది. నానమ్మని తీసుకొచ్చేస్తానని నాన్న కారు తాళాలు అందుకున్నాడు.

కారు కోసం వెళ్తూ నన్ను కూడా మడి దగ్గరికి తీసుకెళ్ళాడు. నేను మొహం ముడుచుకుని ఉన్నాను. చెంబుని బోర్లించి, మళ్ళీ సరిగ్గా పెట్టి, ఇది నిండేలోపు నానమ్మతో సహా వచ్చేస్తానని అన్నాడు. అది నవ్వుతూ అన్న మాట. మా చెంబు ఏనాడూ సగం కూడా నిండింది లేదు కాబట్టి ఆ ధీమాతో అని ఉంటాడు. నేను మాత్రం ఆ మాటని పెద్దవాళ్ళు దేవుడి ముందు వేసిన ఒట్టులా పట్టుకున్నాను.

ఆ సాయంత్రం క్షేమంగా చేరానని ఫోను చేశాడు. వీధిలో నీళ్ళు వచ్చాయి, తెల్లారగానే బయల్దేరతాం అన్నాడు. అంతే, ఆ తరవాత ఆ ఫోను పలకలేదు. నానమ్మదీ పలకలేదు, ఆవిడ చెల్లెలిదీ పలకలేదు. రోడ్లు తెగిపోయాయన్నారు, కరెంటు లేదన్నారు. మా దగ్గరా వాన ఆగలేదు. అమ్మ ఫోను చేతిలో పట్టుకుని ఇల్లంతా తిరిగేది. నేను దగ్గరికి వెళ్తే మాత్రం నవ్వు తెచ్చిపెట్టుకుని, సిగ్నల్ లేదు అంతే, అనేది. ఆ నవ్వు చూడగానే నేను నా గదిలోకి వెళ్ళిపోయేదాన్ని.

నాకు ఇక మిగిలింది చెంబు. దాన్ని ఎవరూ పారబొయ్యొద్దని, నాన్న మాట అలా ఉందని వరసలో అన్ని ఇళ్ళకీ వెళ్ళి చెప్పి వచ్చాను. చెంబు ఒక్కదాన్నే నమ్మలేక, డబ్బానీ బకెట్‌నీ కూడా అలాగే ఉంచమన్నాను. చైనీస్ అంకుల్ నా మాట అంతా విని, సరే సరే అని తల ఊపాడు. మలయ్ ఆంటీ నన్ను దగ్గరికి తీసుకుని, లోపలికి వెళ్ళి కళ్ళు తుడుచుకుని వచ్చింది. పక్కింటి ఆంటీ, రోజూ ఎప్పుడు వెళ్ళి చూస్తావని మాత్రం అడిగింది.

మొదట చూసినప్పుడు చెంబులో రెండు వేళ్ళ నీళ్ళు ఉన్నాయి. మర్నాడు వెళ్ళి చూస్తే అప్పుడూ రెండు వేళ్ళే. ఆ తరవాతా రెండు వేళ్ళే. నాకు ఎంత సంతోషమో చెప్పలేను. వాన చెంబులో పడకుండా పక్కనుంచి పోతోందని, నాన్నకి ఇంకా బోలెడు వ్యవధి ఉందని పరుగెత్తుకుంటూ వెళ్ళి అమ్మకి చెప్పేదాన్ని. అమ్మ నా తల నిమిరి గోడవైపు తిరిగేది. ఆ ఆనందంలో నేను అన్నం తిన్నాను, నిద్ర కూడా పోయాను. నానమ్మ మంచం ఖాళీగా ఉన్నా పోయాను.

ఆపైన ఒక రోజు పొద్దుటినుంచీ ఆకాశం చిల్లుపడ్డట్టు కురిసింది. కిందనున్న పెద్ద కాలవ హోరు మా ఇంట్లోకి వినపడింది. మధ్యాహ్నం కాస్త తెరపి ఇవ్వగానే నేను గొడుగు కూడా లేకుండా మడి దగ్గరికి పరుగెత్తాను. మడి మీద నీళ్ళు నిలిచి గోంగూర మొక్కలు వాలిపోయి ఉన్నాయి. చెంబులోకి చూశాను. రెండు వేళ్ళు. ఎందుకో ఆ రోజు మొదటిసారి పక్కకి వెళ్ళి డబ్బాలో వేళ్ళు పెట్టాను. రెండు వేళ్ళు. బకెట్‌లో పెట్టాను. రెండు వేళ్ళు.

బకెట్ ఏనాడూ మా చెంబుతో సమానంగా లేదు. ఒక్కనాడు సమానంగా ఉండి ఉంటే ఈ మడి దగ్గర అన్ని గొడవలు జరిగేవే కావు. పెద్దవాళ్ళు, ఎప్పుడూ ఒక్క మాట మీద నిలబడనివాళ్ళు, కలిసి నాకు అబద్ధం పెట్టి ఉంచారు. అంతవరకు అర్థమయ్యాక నా బుద్ధి అక్కడితో ఆగలేదు. ఇంతమంది కూడబలుక్కుని దాస్తున్నారంటే వాళ్ళకి ఏదో తెలిసిపోయి ఉండాలి. నాన్న ఇక లేడు. నాకు చెప్పలేక నీళ్ళు పారబోస్తున్నారు. అలా అనుకున్నాను. చిన్నపిల్ల ఆలోచన అని ఇప్పుడు అనొచ్చు గానీ, ఆ క్షణంలో నా తండ్రి నిజంగానే చచ్చిపోయాడు. అంతటి భయం నా బతుకులో మళ్ళీ ఎప్పుడూ పడలేదు. ఆ బురదలోనే కూర్చుండిపోయాను. ఏడుపు కూడా రాలేదు.

మళ్ళీ చినుకులు మొదలయ్యాక నన్ను వెతుక్కుంటూ గొడుగు వేసుకుని వచ్చింది పక్కింటి ఆంటీ. లేవమని చెయ్యి అందించింది. నేను అందుకోలేదు.

"డోంట్ బ్లఫ్ మీ లా, ఆంటీ. అబద్ధం చెప్పొద్దు. నీళ్ళు ఎవరు పారబోశారు?" అన్నాను.

ఆవిడ మూడు పాత్రల వైపూ చూసింది. దోమల మందు వేసేవాళ్ళు వచ్చారని చెప్పొచ్చు, అంకుల్ కాలు తగిలిందని చెప్పొచ్చు. చెబుతుందనే నేను ఎదురుచూశాను. ఆవిడ గొడుగు మూసి పక్కన పెట్టి, ఆఫీసు బట్టలతోనే నా పక్కన ఆ బురదలో కూర్చుంది.

"నేనే పారబోశానే. రోజూ నువ్వు లేవకముందే, ఇవాళైతే మధ్యలో ఆఫీసునుంచి వచ్చి మరీ, మూడింట్లోనూ రెండేసి వేళ్ళు ఉంచి, తక్కింది ఒంపేస్తన్నాను. మిగతావాళ్ళ చేత ఒప్పించింది కూడా నేనే. తప్పు చేశాను."

నాన్న చనిపోయాడా అని అడిగాను.

"తెలీదమ్మా. నాకు తెలీదు, మీ అమ్మకీ తెలీదు, ఎవరికీ తెలీదు. ఇది దాస్తున్న మాట కాదు. వస్తాడని చెప్పడానికి నాకేం ఆధారం లేదు, రాడని చెప్పడానికీ లేదు. తెలిసేదాకా నీ దగ్గరే ఉంటాను. ఏది తెలిస్తే అది, అప్పుడే, నీకు చెప్తాను."

ఆ మాటలో ఓదార్పు ఎక్కడుందని ఎవరైనా అడిగితే నేను చూపించలేను. తెలియదు అన్న మాట కత్తిలాగే ఉంది. కానీ చచ్చిపోయిన నాన్న మళ్ళీ ఆచూకీ తెలియని నాన్న అయ్యాడు. అది నాకు చాలా పెద్ద సంగతి. అప్పుడు ఏడుపు వచ్చింది. ఆవిడ ఊరుకోబెట్టలేదు, వీపు నిమరలేదు. పక్కన కూర్చుని తనూ తడిసింది.

ఇంటికి తీసుకెళ్ళి, దీనికి అంతా తెలిసిపోయింది వదినా, ఇక దీని ముందు నవ్వకండి, అని అమ్మతో చెప్పింది. అమ్మ సోఫాలో కూలబడి గట్టిగా ఏడ్చేసింది. అన్ని రోజులూ అమ్మ ఏడవగా నేను చూడలేదు. అమ్మ ఏడుస్తుంటే నాకు భయం పెరగాలి కదా, పెరగలేదు. అంతవరకూ ఆ ఇంట్లో భయపడుతున్నది నేనొక్కదాన్నే అనుకున్నాను. ఇద్దరం పట్టుకుని ఏడ్చాం.

పక్కింటి ఆంటీ ఆఫీసుకి సెలవు పెట్టి మా ఇంట్లోనే ఉండిపోయింది. అమ్మా ఆవిడా జొహోర్‌లో వరద బాధితుల్ని ఉంచిన బడులకి ఒక్కొక్కదానికీ ఫోను చేసేవాళ్ళు. మలయ్ ఆంటీ వచ్చి మలయ్‌లో మాట్లాడిపెట్టేది. చైనీస్ అంకుల్ అందరికీ తిండి కొనుక్కొచ్చి, బల్ల మీద పెట్టి, ఒక మూల కూర్చునేవాడు. స్పీకరు పెట్టి మాట్లాడేవాళ్ళు, నన్ను పక్కన కూర్చోబెట్టుకునేవాళ్ళు. ఆ పేరుగలవాళ్ళు ఇక్కడ లేరు అన్న మాట నేను నా చెవులతోనే విన్నాను. ఒక బడి తరవాత ఇంకో బడి. ప్రతిసారీ పక్కింటి ఆంటీ నా మొహంలోకి చూసి, విన్నావుగా, అక్కడ లేరట, ఇంకోచోట అడుగుదాం అనేది. ఆ రోజులు ఎలా గడిచాయని అడిగితే నాకు అదొక్కటే గుర్తు, ఆవిడ ఇంకోచోట అడుగుదాం అనడం.

చివరికి ఫోను ఎవరిదో తెలియని నంబరునుంచి వచ్చింది. నాన్న గొంతు. బొంగురుపోయి, దగ్గు మధ్య మధ్యలో వస్తూ. అమ్మ నేల మీద కూర్చుండిపోయి వింది. నేను మీద పడి నాన్నా నాన్నా అని అరిచాను, అటునుంచి నా పేరు పిలవడం విన్నాను. ఆ తరవాత అమ్మ స్పీకరు ఆపి, ఫోను చెవికి ఆనించుకుని గోడవైపు తిరిగింది. ఫోను పెట్టేశాక నావైపు చూడలేదు.

నానమ్మ ఏదీ అని అడిగాను.

అమ్మ పెదవులు అదే పాత నవ్వు కోసం కదిలాయి. నానమ్మ బాగా అలసిపోయింది, పడుకుంది, అన్న మాట ఆవిడ నాలుక చివరి దాకా వచ్చిందని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. అప్పుడు పక్కింటి ఆంటీ అమ్మ భుజం మీద చెయ్యి వేసింది. ఒత్తలేదు, ఉత్తినే వేసి ఉంచింది. అమ్మ నన్ను ఒళ్ళోకి లాక్కుంది.

"నానమ్మ లేదు తల్లీ. నాన్న భుజాన వేసుకుని ఒక ఎత్తైన మేడ మీదికి చేర్చాడు. అక్కడ తడిబట్టలతో, చలికి తట్టుకోలేకపోయింది. చనిపోయింది."

నేను ఆ రోజు ఏడ్చినంత ఏడుపు మళ్ళీ ఏడవలేదు. అయినా ఒక మాట చెప్పాలి. మా బంధువుల్లో ఎందరో పిల్లలకి తాతలూ నానమ్మలూ ఊరెళ్ళారనీ, దేవుడి దగ్గర నిద్రపోతున్నారనీ చెబితే, వాళ్ళు ఏళ్ళ తరబడి తలుపు వైపు చూడటం నేను ఎరుగుదును. నేను చూడలేదు. నాన్న గడ్డం మాసి, తలుపు తీసుకుని ఒక్కడే లోపలికి వచ్చినప్పుడు నేను ఆయన వెనక ఎవరికోసమూ వెతకలేదు. నేరుగా వెళ్ళి ఆయన్ని పట్టుకున్నాను. నీకు చెప్పారా అని అడిగాడు. చెప్పారన్నాను. ఆయన అప్పుడు నా ముందే, ఏమీ దాచుకోకుండా, వాళ్ళమ్మ కోసం ఏడ్చాడు.

పక్కింటి ఆంటీ తరవాత ఇల్లు మారి టాంపినీస్ వెళ్ళిపోయింది. పండక్కి వెళ్తే ఎప్పటిలాగే చిరాకుగానే పలకరించేది. ఆ సంగతి మళ్ళీ మా మధ్య రాలేదు.

నా తల ఇప్పుడు పూర్తిగా నెరిసింది. మొన్నామధ్య మా ఆయన్ని ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళినప్పుడు, మా మనవరాలు నా కొంగు పట్టుకుని, తాతయ్య ఇంటికి వచ్చేస్తాడు కదా అమ్మమ్మా, అని అడిగింది. చుట్టూ ఉన్న పెద్దవాళ్ళంతా ఒక్క గొంతుతో, వచ్చేస్తాడు బంగారం, వచ్చేస్తాడు అన్నారు. అది వాళ్ళవైపు చూడలేదు. నావైపే చూస్తోంది. ఆ చూపు నాకు తెలుసు. నాకు తెలీదమ్మా అన్నాను. మా అమ్మాయి నావైపు కోపంగా చూసింది. మనవరాలు మాత్రం వచ్చి నా ఒళ్ళో ఎక్కి కూర్చుంది, ఆ తలుపు తెరుచుకునేదాకా దిగలేదు.