తిట్టినవాళ్ళకే బొమ్మ

కోవిల్‌పట్టి పక్క నల్లరేగడి పల్లెలో పాపమ్మాళ్ దిష్టిబొమ్మలు చేసేది. మసికుండ తల, గుమ్మడిగింజల పళ్ళు, బొడ్డుదాకా వేలాడే ఎర్రగుడ్డ నాలుక, పొట్టనిండా జొన్నచొప్ప. బొమ్మ కావాలన్నవాడు దాని ఎదుట నిలబడి నోరారా తిట్టాలి. తిట్టిన తరువాతే చెయ్యి వేయాలి. విళాత్తికుళం మిరపరైతులైతే దారిపొడుగునా తిట్లు కూర్చుకుంటూ వచ్చేవాళ్ళు. పొరపాటున ఎవరైనా “బాగుందే” అన్నారో, ఆ బొమ్మ పని సరి.

“ముద్దు చేసిన కుక్క కాపలా కాస్తుందా? మెచ్చుకున్న బొమ్మ దిష్టి మోస్తుందా?” అనేది పాపమ్మాళ్. ఆమె అత్త మాటా అదే, అత్తకు అత్త మాటా అదే.

ఆమె బొమ్మలు చేసేది పశువుల కొట్టంలో ఒక మూల. ఆ మూల మీద ఆమె బావ వీరసామి కన్నుపడింది. మొగుడి అన్న, ఇంటికి పెద్ద, గట్టిగా ఎదురు చెప్పను లేదు.

“ఈ ఏడు పత్తి బాగా కాసింది. మూటలు ఎక్కడ పెట్టేది, నా నెత్తినా? నీ దయ్యాలను తీసెయ్” అన్నాడు.

“మీ చేనికి దిష్టి తగలకుండా కాపాడింది ఆ దయ్యాలే గదా బావా.”

ఆ వేసవిలోనే, చిత్తిరై నెల తిరునాళ్ళకు మదురైలో వైగై నది ఇసుకలో చేతిపనుల సంత పెడతారని కబురు వచ్చింది. వీరసామి ఒక పందెం కట్టాడు. “పట్నంలో అన్నీ అమ్ముకునిరా, మూల నీది. ఒక్క బొమ్మ తిరిగొచ్చినా అక్కడ పత్తిమూటే.”

పాపమ్మాళ్ సరేనంది. తోడుగా ఆడబిడ్డ మాయక్కాళ్‌ను వెంటబెట్టుకుని రైలెక్కింది. బొమ్మలను పడుకోబెడితే పళ్ళు రాలుతాయని బెంచీల మీద వరసగా కూర్చోబెట్టారు. విరుదునగర్‌లో (ముసలివాళ్ళకు అది ఇంకా విరుదుపట్టే) ఒక పెళ్ళిబృందం తలుపు తీసింది, కెవ్వుమని మళ్ళీ మూసింది. పెళ్ళికూతురి తల్లి మాత్రం తెలివైన మనిషి. పిల్లను తెచ్చి రెండు బొమ్మల నడుమ ఇరికించి, “ఇక మదురైదాకా ఏ కన్నూ సోకదు” అని నిమ్మళంగా వక్కాకు వేసుకుంది. టికెట్లు చూసేవాడు వచ్చి పిల్లనూ బొమ్మలనూ మార్చి మార్చి చూసి, ఎవరినీ ఏమీ అడక్కుండా దిగిపోయాడు.

సంతలో పాపమ్మాళ్‌కు ఒక పందిరి ఇచ్చారు. అటు చాపలవాళ్ళు, ఇటు కొయ్యబొమ్మలవాళ్ళు, వాళ్ళ బేరం జోరుగా సాగుతోంది. ఆమె దగ్గరికీ జనం బాగానే వచ్చారు. వచ్చిన చిక్కల్లా పట్నపు మర్యాదతో. పట్టుచీర ఆవిడ ఒకామె వచ్చి, “అబ్బ, ఎంత ముద్దుగా ఉందో!” అంది.

పాపమ్మాళ్ ఆవిడ చేతిలోని బొమ్మను లాక్కుని, “థూ థూ! పోమ్మా, పో! నిండు ప్రాణం తీశావు” అంది.

కళ్ళద్దాలాయన “ఆహా, ఏమి కళ!” అన్నాడు. ఆ బొమ్మ కూడా వెనక్కి పోయింది. సాయంత్రానికి ముందువరస దాదాపు ఖాళీ, వెనకవరస కిక్కిరిసింది. ఒక్కటీ అమ్మలేదు.

“ఏందే పాపమ్మా, కొనేవాళ్ళను కోళ్ళను తోలినట్టు తోలితే ఇవి తమంతట నడిచి ఊరు చేరతాయా?” అని మాయక్కాళ్ తల బాదుకుంది.

“చచ్చిన బొమ్మను అమ్మితే వాళ్ళింట కీడు జరగదా వదినె? ఆ పాపం ఎవరికి?”

“మరి పత్తిమూటలు ఎవరికి?”

పాపమ్మాళ్‌కు ఇక వెనకవరసను లెక్కపెట్టుకోవడమే మిగిలింది. అంతలో మేళం మోగింది. సంతకు పెద్దగా ఉన్న ప్లీడరుగారు, పెళ్ళాం వెంటరాగా వచ్చి, అన్నిటికంటె పెద్దబొమ్మ మెడలో వెండిపతకం వేశాడు. రేకుగొట్టం నోటికి పెట్టుకుని, “ఇంత అందమైన బొమ్మలు ఈ జిల్లాలోనే లేవు!” అని నది రెండు గట్లకూ వినబడేలా అరిచాడు.

పాపమ్మాళ్ ఇసుకలో కూలబడింది. “కొంప తీశావు సామీ! ఒక్కటి కూడా మిగల్చకుండా చంపేశావే!”

ప్లీడరుగారు బెదిరిపోయాడు. మాయక్కాళ్ సంగతంతా విడమరచి చెప్పింది. దీనికి విరుగుడు ఏమిటని ఆయన అడిగాడు.

“మెచ్చుకున్న నోరే తిట్టాలి. లేకుంటే ఆ నోటితో కాపురం చేసే మనిషి తిట్టాలి” అంది పాపమ్మాళ్.

ప్లీడరుగారు గొంతు సవరించుకుని, గొట్టం ఎత్తి, పెద్దబొమ్మతో, “నువ్వు… అంత… బాగా లేవు” అన్నాడు.

“ఇది తిట్టా సామీ, దీవెనా?”

జనం గొల్లుమన్నారు. ప్లీడరమ్మ ముందుకొచ్చి కొంగు బిగించింది, మొగుడి చేతిలోని గొట్టం లాక్కుంది. “ఓరి దద్దమ్మా! నిలబెట్టినచోట నిలబడతావు, ఒక పనీ చెయ్యవు! తల డొల్ల, పొట్టనిండా చొప్ప! ఊరందరికీ పళ్ళికిలిస్తావు, ఇంటికి చిల్లిగవ్వకు పనికిరావు! పైగా మెళ్ళో పతకం ఒకటా నీకు!”

ఆమె చూపు బొమ్మ మీదే ఉంది. జనం చూపు మాత్రం ప్లీడరుగారి మీద ఉంది. ఆయన మెళ్ళోనూ ఒక పతకం ఉంది మరి, ఆయన దాన్ని మెల్లగా కోటులోకి తోసుకున్నాడు.

“బతికింది! సామి మెచ్చుకున్నవన్నీ బతికాయి!” అని పాపమ్మాళ్ లేచి నిలబడింది.

ఆపైన ఆగితేగా! పగలు మెచ్చుకున్నవాళ్ళంతా తిట్టడానికి వరస కట్టారు. పట్టుచీర ఆవిడ తిరిగొచ్చి తన అత్తను తలుచుకుని తిట్టిన తిట్టుకు చాపలవాళ్ళు చెవులు మూసుకున్నారు. కళ్ళద్దాలాయన తన పైఅధికారిని తలుచుకుని తిట్టాడు, తిట్టి ఏడ్చాడు, ఏడ్చి రెండు బొమ్మలు కొన్నాడు. నోరు తిరగనివాళ్ళకు మాయక్కాళ్ తిట్లు అందించింది. పెద్దబొమ్మను ప్లీడరమ్మే కొని, పతకంతో సహా భుజాన వేసుకుని పోయింది. ప్లీడరుగారు గొట్టం పట్టుకుని వెనకాల నడిచాడు.

ఊళ్ళో వీరసామి వాకిట్లోనే కాచుకుని ఉన్నాడు. మూట విప్పించాడు, దులిపించాడు, బుట్ట బోర్లించి చూశాడు. చొప్పపరక తప్ప ఏమీ రాలలేదు.

“పట్నంవాళ్ళకు పిచ్చెక్కిందా?” అన్నాడు.

“మూల ఖాళీ చేయండి బావా” అంది పాపమ్మాళ్.

ఎలాగూ తానే గెలుస్తాననుకుని, వాళ్ళు లేనప్పుడే పత్తిమూటలు ఆ మూలలోకి చేర్చేశాడు మహానుభావుడు. ఇప్పుడు ఒక్కొక్కటే వీపున మోసి తన పడకగదిలోకి తెచ్చుకున్నాడు. ఆఖరిమూట పెట్టేసరికి మంచానికి చోటు లేదు. పత్తి అమ్ముడుపోయేదాకా వీరసామి కళ్ళంలోనే పడుకున్నాడు.