వంతులు ఎత్తేసిన మంత్రిగారు

మా జమీందారుగారిని మంత్రిని చేసింది నేనే. ఈ మాట ఏళ్ల తరబడి చెబుతున్నాను. కాదనడానికి ఆయన లేరు. ఉన్నా అనేవారు కాదు, మొహమాటస్థులు. నిజానికి నేను చేసింది దొరవారిసత్రం ఎన్నికల సభలో మైకు పట్టుకోవడం.

జమీ పోయినా ఆయన దిగులుపడలేదు. ఇటలీలో తనలాంటి ప్రభువొకాయన స్వేచ్ఛ, సమానత్వం అంటూ మంత్రి అయ్యాడని ఏదో పుస్తకంలో చదివి, ఖద్దరు కట్టి, ఎన్నికలు గెలిచి, తానూ మంత్రి అయ్యారు. చెప్పులతోనే తన ఎదుటికి రమ్మని మమ్మల్ని బతిమాలేవారు. మేం మాత్రం విప్పి, చంకలో పెట్టుకుని వెళ్లేవాళ్లం.

ఆ ఏడాదే పులికాట్ సరస్సు మీద ఆయన దృష్టి పడింది. అక్కడ చేపలు బాగా పడే చోట ఇవాళ ఒక ఇంటివాళ్లు, రేపు ఇంకో ఇంటివాళ్లు వంతులవారీగా వల వేస్తారు.

"ఈ వంతులు స్వేచ్ఛకు సంకెళ్లు! వచ్చే నెల నుంచి ఎవరికిష్టమైన చోట వాళ్లు వేసుకోవచ్చు" అని జాలర్ల సభలో ప్రకటించారు.

ఆ వాక్యం నాదేనని చాలాచోట్ల చెప్పుకున్నాను. నాది కాదు. మొదటి చప్పట్లు మాత్రం నావే.

జాలర్లు చప్పట్లు కొట్టలేదు. పెద్ద వలలూ, నలుగురైదుగురు కొడుకులూ ఉన్న ఇళ్లే ఇక సరస్సంతా ఊడ్చేస్తాయి. ఒంటి పడవవాడి ఇంట్లో పొయ్యి వెలగదు.

మర్నాడు పొద్దున్నే నలభై మంది బంగళాకు వచ్చారు. వరండాలో చీటీలిచ్చే గుమాస్తాను నేను. నంబరు వేసిన చీటీ చాపాను.

"కూర్చోండి. మీ ముందు ఇరవై మంది ఉన్నారు. వంతు రాగానే పిలుస్తాను."

వాళ్ల కుప్పం పెద్ద, అంటే జాలరిపల్లె పెద్ద, ఆ చీటీని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"వంతా? నిన్ననే గదన్నా మీ దొర వంతులు ఎత్తేసినాడు! నీకింకా చెప్పలేదా ఏంది? పదండిరా!"

తలుపు తీసి దారిచ్చింది నేనేనని మా మనవలకు చెప్పాను. తీసింది వాళ్ల భుజాలు. నేను బల్ల కింద చీటీలు ఏరుకుంటున్నాను.

వాళ్ల వెనకే ఆ ఇరవై మందీ తోసుకొచ్చారు. మంత్రిగారి కాఫీ ఒలికింది. అందరూ ఒక్కసారే మొదలుపెట్టారు.

"ఒకరి తర్వాత ఒకరు చెప్పండయ్యా! ఇట్లా అయితే పెద్ద గొంతున్నవాడి మాటే వినబడుతుంది!" అని అరిచారు మంత్రిగారు.



"మేం చెప్పొచ్చిందీ అదే, సామీ" అన్నాడు కుప్పం పెద్ద.

సాయంత్రానికి ప్రకటన వెనక్కి తీసుకున్నారు. అదీ స్వేచ్ఛేనని గంటసేపు ప్రసంగించారు. మైకు నేనే పట్టుకున్నాను.

పోతూ పోతూ కుప్పం పెద్ద ఆ చీటీ నా చేతిలో పెట్టాడు. "ఇందన్నా, నీ వంతు నువ్వే పెట్టుకో. మాది మాకు దక్కింది."

ఆ చీటీ ఇప్పటికీ నా పెట్టెలో ఉందని రాయబోయాను. లేదు.