పచ్చలైటు వెలిగే పెట్టె

జనగామలో చిప్పులు డిజైన్ చేస్తామంటే మొదట్లో ఎవరూ నమ్మలేదు. మా ఆఫీసు ఒక కిరాణా హోల్‌సేల్ దుకాణం పైఅంతస్తులో ఉండేది. మెట్లెక్కుతుంటే ఎండుమిర్చి ఘాటుకు తుమ్ములొచ్చేవి. మేం సర్క్యూట్ తయారుచేస్తే మహబూబాబాద్ ఆఫీసువాళ్ళు దాన్ని చిప్పు మీద పట్టేలా గీసేవారు. తయారై వచ్చిన చిప్పును భూపాలపల్లిలో పరీక్షించేవారు. మూడూళ్ళకూ కలిపి క్లస్టర్ అని పేరు పెట్టారు. పేరు వినడానికి గొప్పగానే ఉండేది. కరెంటు పోతే మాత్రం మూడుచోట్లా ఇన్వర్టర్లు కీచుమనేవి.

దుకాణానికీ ఆఫీసుకూ యజమాని ఒకరే. మంచి మనిషే కానీ ఆయనకు ఒకటే పిచ్చి, అన్నీ ఒక్క చిప్పులో ఇమిడిపోవాలని.

"రేపటి జమానంత గిదేనమ్మా. నాలుగు చిప్పులు చేసే పని ఒక్కటే చెయ్యాలె," అనేవాడు.

మా పెద్ద ప్రాజెక్టు బొగ్గు బాయిల్లో, అంటే గనుల్లో, గ్యాసును పసిగట్టే చిన్న పెట్టెకు చిప్పు తయారుచేయడం. పాత పెట్టెలో రెండు చిప్పులుంటాయి. ఒకటి గ్యాసును చూస్తుంది. రెండోది ఆ మొదటిదాన్ని కనిపెట్టుకుని ఉంటుంది, అది పడకేస్తే మోత మోగిస్తుంది. మేం రెండింటినీ కలిపి ఒక్కటి చేశాం. పెట్టె బరువు సగానికి తగ్గిందని అందరూ మురిసిపోయారు. కాపలావాణ్ణీ, వాడు నిద్రపోతే లేపాల్సినవాణ్ణీ ఒకే మంచం మీద పడుకోబెట్టినట్టుంది అన్నాను నేను. నవ్వారు. నాకు ఒళ్ళు మండింది.

నా భయానికి ఇంకో కారణముంది. మాది కాటారం దగ్గర పల్లె. మా తమ్ముడు భూపాలపల్లి వైపు ఒక బాయిలో సర్దారు. కూలీలకంటే ముందు లోపలికి పోయి గ్యాసు ఉందో లేదో చూసి చెప్పడం వాడి పని. ట్రయల్‌కు ఇచ్చే పెట్టెలు ముందుగా అందేది అలాంటివాళ్ళకే. ట్రయల్ అయ్యేదాకా పాత పెట్టె కూడా వెంట ఉంచుకోవాలి.

డిజైన్‌ను ఫ్యాక్టరీకి పంపాల్సిన వారంలోనే మూఢం వచ్చిపడింది. అప్పటికి కంప్యూటర్లో చేసే ఒక్క చెక్కు మిగిలి ఉంది. బాగా వేడిగా ఉండి, బ్యాటరీ కూడా తగ్గిపోయినప్పుడు చిప్పు ఏం చేస్తుందో చూసే చెక్కు అది. సర్వర్ మీద నడుస్తోంది. అది పూర్తయ్యేదాకా ఆగుదామన్నాను.

"మూఢంల పంపుతరా ఎవరన్న? నీ చెక్కు దాని తీరుగ అది నడుస్తనే ఉంటది. ఏమన్న తేడా వస్తే ఫోన్ చేసి ఆపుదాం," అన్నాడు యజమాని.

మూఢం ముందురోజు ముహూర్తం చూసి, సర్వర్‌కు పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, వాళ్ళమ్మ చేత డిజైన్ పంపే బటన్ నొక్కించాడు. ఆమె కళ్ళు మూసుకుని దండం పెట్టుకుని మరీ నొక్కింది. అందరూ పులిహోర తిన్నారు. నేను ముట్టలేదు. సాయంత్రానికల్లా సర్వర్‌ను తర్వాతి చిప్పు పనికి అప్పగించారు. చెక్కు పూర్తయ్యాకే అప్పగించారనుకున్నాం.

చిప్పులు వచ్చాయి. చల్లటి ఏసీ గదిలో పెట్టిన పరీక్షలన్నీ పాసయ్యాయి. పెట్టెలు బాయికి చేరాయి. తమ్ముడు ఫోన్లో ఒకటే సంబరపడ్డాడు.

ఈ ఎండాకాలం కొత్త చిప్పుకు అదే చెక్కు వాడుకుందామని పాతదాన్ని తీసి చూశాను. సర్వర్ చేతులు మారిన సాయంత్రమే అది సగంలో నిలిచిపోయి ఉంది. మొదటి నుంచి మళ్ళీ నడిపించాను. మర్నాడు పొద్దున ఫలితం వచ్చింది. వేడిలో, బ్యాటరీ తగ్గాక, గ్యాసును చూసే భాగం బిగుసుకుపోతుంది. దాంతోపాటే మోత మోగించాల్సిన భాగమూ పడకేస్తుంది. అంతా బాగుందని చెప్పే పచ్చలైటు మాత్రం వెలుగుతూనే ఉంటుంది.

ఆ ఫలితాన్ని యజమానికి చూపించాను.

"కంప్యూటర్ల చూపెట్టినంత మాత్రాన ఆడ గట్లనే అయితదా? ఒక్కసారి గ్యాసు కొట్టి చూడమ్మా. నిజమైతే అన్నీ వాపసు తెప్పిద్దాం," అన్నాడు.

వాదించే ఓపిక లేదు. తమ్ముడి ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. లోపలికి ఫోన్లు తీసుకుపోనివ్వరు. బాయి ఆఫీసు లైను కలవలేదు. పరీక్షకు వాడే గ్యాసు డబ్బా పట్టుకుని ఆయన కారులోనే బయల్దేరాను. చెల్పూర్ కరెంటు ప్లాంటు పొగగొట్టాలు కనబడేసరికి మధ్యాహ్నమైంది. దారంతా ఆయన్నీ, ఆ ముహూర్తాన్నీ, ఆ పులిహోరనూ తిట్టుకుంటూనే ఉన్నాను.

బాయి దగ్గరికి చేరేసరికి షిఫ్టు దిగి ఒక్కొక్కరే పైకి వస్తున్నారు. మా తమ్ముడు నన్ను చూసి మసిముఖంతో నవ్వాడు.

"ఏందక్కా, చెప్పకుంట గిట్లొచ్చినవ్?"

వాడి ఛాతీకి తగిలించి ఉన్న పెట్టె దగ్గర గ్యాసు వదిలాను. పెట్టె పలకలేదు. ఇంకా దగ్గరగా పట్టి వదిలాను. పచ్చలైటు నిమ్మళంగా వెలుగుతోంది. తమ్ముడికి అర్థమైంది. వాడి నవ్వు ఆగిపోయింది.

"గిసొంటిది లోపల ఇంకెవరి దగ్గరన్న ఉందా?" అని అడిగాను.

"ఇంకొకటుంది. దూరపు పని కాడి సర్దారు దగ్గర. ఆయన ఇంక పైకి రాలే."

"పాత పెట్టె గూడ ఉంటది గదరా ఆయన దగ్గర?"

తమ్ముడు దీపాలిచ్చే గది వైపు చూశాడు. కిటికీలోంచి బల్ల మీద పాత పెట్టె కనబడుతోంది.

"తీస్కపోతనే అన్నడక్కా. మా అక్క చేసింది ఉండంగ గా బరువెందుకే అని, నేనే ఈడ పెట్టిపిచ్చిన."