నా ఒకటో నంబరు ఆల్బమ్‌కు నాన్న సుద్దముక్క

ఈ ఏడాది వచ్చిన రాక్ ఆల్బమ్‌లలో నాకు నచ్చిన పదింటిని కలకత్తా పక్కన సంత్రాగాఛిలో మా రైల్వే క్వార్టర్ తలుపు వెనక సుద్దతో వరుసగా రాశాను. ఒకటో స్థానం ఒక బొంబాయి బ్యాండ్‌ది. కలకత్తాలోని బెహాలా కుర్రాళ్ళు ఇంట్లోనే రికార్డు చేసుకున్న ఆల్బమ్‌ది నాలుగో స్థానం. అదే ఒకటి కావాలని పక్క క్వార్టర్ మితాలి వారం నుంచి నాతో పోట్లాడుతోంది.

ఇవాళ సాయంత్రం రెండూ పెట్టి మళ్ళీ వాదించుకుంటుంటే నాన్న డ్యూటీ నుంచి వచ్చాడు. యార్డులో వ్యాగన్ చక్రాలను సుత్తితో కొట్టి, మోతను బట్టి పగులు కనిపెట్టడం ఆయన పని. టీ తాగుతూ, కళ్ళు మూసుకుని రెండూ విన్నాడు.

"ఏటమ్మా, నీ ఒకటోదాన్లో డ్రమ్ము బోలుగా మోగతంది" అన్నాడు.

"అది స్టైలు నాన్నా."

"పగిలిన చక్రం కూడా అలాగే మోగతాది. ఆ నాలుగోది సూడు, కొడితే ఖంగుమంటంది. ఢిల్లీ దాకా ఎల్లిపోతాది."

జేబులోంచి సుద్దముక్క తీసి, పాడైన వ్యాగన్ మీద రాసినట్టే నా ఒకటో నంబరు పక్కన పెద్దగా ‘సిక్’ అని రాసేశాడు. మితాలి బెంగాలీలో "కాకూ", అంటే బాబాయ్, అంటూ ఆయన కాళ్ళకు దండం పెట్టేసింది. నవ్వీ నవ్వీ నాకు కడుపు చెక్కలైంది.

పరువు దక్కించుకుందామని ఒకటోది మళ్ళీ పెట్టాను. నిజంగానే బోలుగా ఉంది. ఇక అది నాకు ఇంకోలా వినపడదు.

మీ ఒకటో నంబర్లు కూడా కింద రాయండి. రేపు నాన్నకు రెస్టు, సుద్దముక్క ఇంకా సగం ఉంది.