కలుగులోది యానాదోళ్లది

వాకాడుకు తూర్పున, పులికాటు సరస్సుకు కాస్త ఇవతల పద్మనాభయ్య పొలాలున్నాయి. ఆ పొలం గట్టు మీద తాటాకు గుడిసెలో యానాది తుపాకుల పెంచలమ్మ కాపురం. గట్టు ఆయనది, గుడిసె ఆయనది. ఆయన లెక్కలో పెంచలమ్మ మొగుడు చెంచయ్య కూడా ఆయనవాడే. చెంచయ్య పంటకు కావలి, వాళ్ల నాయనా అదే పని చేశాడు. కోతలయ్యాక కళ్లంలో కొలిచే గింజలే ఏడాది కూలి. చేలో మేక పడినా, ఒక మోపు మాయమైనా ఆ గింజల్లోంచి తరుగు తీసేవారు. తరుగు తియ్యని ఏడు పెంచలమ్మకు గుర్తులేదు.

ఆమెకు ఒకటే ఆశ. ఈ కావలి వదిలించుకుని, తన అన్నదమ్ములున్న సరస్సు ఒడ్డుకు పోయి బతకాలి. చెంచయ్యకు ఆ మాట పద్మనాభయ్యతో చెప్పే ధైర్యం లేదు. ఇన్నేళ్లూ సంగతి అక్కడే ఆగిపోయింది.

ఒక్క విషయంలో మాత్రం యానాదులను ఆ వైపు ఎవరూ అడ్డుకోలేదు. గట్లలో ఎలుకల కలుగులు తవ్వితే, లోపల దాచిన వరికంకులు తవ్వినవాళ్లవే. పొలం ఎవరిదైనా సరే. ఎలుక ఎంగిలని రైతు వాటిని ముట్టుకోడు. ఎలుకల పీడ పోతే చాలనుకుంటాడు.

ఆ పని పెంచలమ్మ చేసినట్టు మరొకరు చెయ్యలేరు. అడుగున చిల్లి పెట్టిన కుండలో గడ్డి కూరి, నిప్పంటించి, కుండ మూతిని కలుగుకు ఆనించి, చిల్లిలోంచి ఊదుతుంది. మిగతా దారులన్నీ చెంచయ్య బురదతో మూసేస్తాడు. పొగకు ఎలుకలు సొమ్మసిల్లుతాయి. అప్పుడు తవ్వుతారు.

అరవైరెండో సంవత్సరం పుష్యమాసంలో గూడూరు టాక్సీ డ్రైవరు విజయభాస్కర్ కొందరు మద్రాసువాళ్లను సరస్సులో పక్షులు చూపించడానికి తీసుకొచ్చాడు. ఆ రోజు పక్షులు ఎక్కడో నడిమి నీళ్లలో తెల్లటి గీతలా కనిపించాయంతే. టాక్సీలో అందరి మొహాలూ మాడిపోయాయి. తిరుగుదారిలో గట్టు మీద పొగ చూసి వాళ్లలో ఇందిరమ్మ అనే కాలేజీ టీచరమ్మ బండి ఆపించింది. ఎండలో నిలబడి, చివరి కంకి బయటికొచ్చేదాకా చూసింది. పోతూపోతూ డబ్బులు పెంచలమ్మ చేతిలో పెట్టింది.

"ఎందుకమ్మా?" అంది పెంచలమ్మ.

"ఇంత చూపించావు కదా!"

చూపించడం కూడా ఒక పనేనని పెంచలమ్మకు అప్పుడే తెలిసింది.

విజయభాస్కర్‌కు అంతకంటే ముందే తెలిసిపోయింది. వారం తిరక్కుండా ఒంటరిగా వచ్చి గట్టు మీద కూర్చున్నాడు.

"అక్కా, ఈసారి జనం ఎక్కువొస్తారు. రవికె తీసేసి ఆకులు గీకులు కట్టుకో. ఫొటోకి బాగుంటాది."

"మా అవ్వ కూడా ఆకులు కట్టలేదబ్బయా. నువ్వు కట్టుకుని నీ టాక్సీ ముందర నిలబడు. చూసేదానికి నేనే దుడ్లిస్తా."

"పోనీలే. మీకు దేవుడు పూనుతాడంట కదా, అదన్నా..."

"నువ్వు హారన్ కొడితే వచ్చేదానికి ఆయనేమన్నా నీ క్లీనరా?"

విజయభాస్కర్ నవ్వేసి లేచిపోయాడు. అప్పట్నుంచీ పొగకుండ మాత్రమే. అదీ ఎలుకలున్న గట్టు మీదే, పని ఉన్న రోజే. అయినా జనం వచ్చారు. అంతకుముందు రోడ్డు మీద బస్సు కనబడితే యానాదుల కోడళ్లు కుండలు కొంగు చాటున దాచుకునేవారు, ఎలుకలు తినేవాళ్లని బస్సులోవాళ్లు నవ్వుతారని. ఇప్పుడు వాళ్లే వచ్చి, చిల్లి ఎంత పెట్టాలి, ఊపిరి ఎట్లా పట్టాలి అని పెంచలమ్మను అడుగుతున్నారు. ఇద్దరు ముగ్గురు పొగ కళ్లలోకి తన్ని బావురుమన్నారు కూడా.

పద్మనాభయ్యకు ఈ కబురు చేరకుండా ఉంటుందా? ఇందిరమ్మ రెండోసారి స్నేహితులతో వచ్చిన రోజు గొడుగేసుకుని దిగాడు. పక్క పొలాల రైతులూ వెనకే వచ్చారు.

"ఏమే పెంచలా, నా గట్టు మీద తిరునాళ్ల పెట్టినావంట?"

"ఎలుకలు పడతా ఉండాం సామీ."

"గట్టు నాది. కావలోడు నా మనిషి. ఈళ్లిచ్చే దుడ్లు ఎవురియి?"

చెంచయ్య గునపం కింద పెట్టి చేతులు కట్టుకున్నాడు. 'మీయే సామీ' అనే మాట అతని నాలుక చివరిదాకా వచ్చేసింది. పెంచలమ్మ కుండ దించి, మసి మూతి తుడుచుకుంది.

"కలుగులో దొరికింది ఎవురిది సామీ?"

"యానాదోళ్లది. ఎవురు కాదన్నారు?"

"ఈ అమ్మ మీ వరి చూడను వచ్చినాదా, మీ గొడుగు చూడను వచ్చినాదా? కలుగు చూడను వచ్చినాది. ఆ దుడ్లూ కలుగులోయే."

మద్రాసువాళ్లు పకపకా నవ్వారు. పక్క రైతుల్లో ఒకడు దగ్గు వచ్చినట్టు మొహం తిప్పుకున్నాడు. పద్మనాభయ్య చెవులు ఎర్రబడ్డాయి.

"మాటలు నేర్చినావే! సరే, కలుగు నీది, కళ్లం నాది. ఈ ఏడు కావలి గింజలు కొలవను. కలుగులోదే తినండి పోండి!"

చెంచయ్య మొహం పాలిపోయింది. పెంచలమ్మ మాత్రం ఆ మాట కోసమే కాచుకున్నట్టు పక్క రైతుల వైపు తిరిగింది.

"విన్నారా సామీ అందరూ? గింజ కొలవకపోతే కావలి లేదు కదా?"

ఎవరూ కాదనలేదు. అది వాళ్ల పొలాల్లోనూ ఉన్న కట్టుబాటే. కొలిచినంతకాలమే మనిషి మీద హక్కు. నలుగురిలో కొలవనన్నాక హక్కు పోయినట్టే. పద్మనాభయ్యకు ఆ సంగతి అప్పుడు వెలిగింది. వెనక చూస్తే కోతకొచ్చిన చేను, కావలి లేకుండా.

"పంట నిలబెట్టి యాడికి పోతారే?"

"కొలుస్తానని ఒక్క మాట అనండి సామీ, కోత అయ్యేదాకా ఉంటాం."

పదిమందిలో, అందులోనూ మద్రాసు ఆడవాళ్ల ముందు, యానాదిదాని కోసం మాట వెనక్కి తీసుకోవడమా? పద్మనాభయ్య గొడుగు విసురుగా ముడిచి వెళ్లిపోయాడు.

సాయంత్రానికల్లా కుండలూ గునపమూ నెత్తిన పెట్టుకుని ఇద్దరూ సరస్సు ఒడ్డుకు చేరారు. విజయభాస్కర్ జనాన్ని అక్కడికే తీసుకొచ్చాడు. కలుగు చూపించాలంటే మాత్రం పెంచలమ్మ పక్క రైతుల గట్లకు పోయేది. వాళ్లు ఎదురొచ్చి పిలిచేవారు. ఎండాకాలం వచ్చేసరికి టాక్సీలు ఆగిపోయాయి. పీతలతో, చేపలతో బతుకుబండి నడిచింది. కార్తీకంలో వానలు పట్టుకున్నాయి. వల వెయ్యడానికి లేదు, చూడవచ్చే నాథుడు లేడు. మూడు పూటలా తవ్వి తెచ్చి ఉడకేసిన గడ్డలే.

"కావలుంటే ఈపాటికి గింజలన్నా ఉండేయి," అన్నాడు చెంచయ్య.

"ఉండేయి," అంది పెంచలమ్మ, అతని ముందుకు ఇంకో గడ్డ తోసి. "తరుగు కూడా ఉండేది. తిను."