'పోయినవి' అనే గడి

ఆంబ్రోజ్ లెగ్గట్ కుదురుగా కుర్చీలో కూర్చోవడం ముప్పై ఏళ్ళలో నేను రెండేసార్లు చూశాను. ఒకటి వాళ్ళమ్మాయి పెళ్ళి విందులో, రెండోది పళ్ళ డాక్టరు దగ్గర. మిగతా వేళలన్నిటా మనిషి నిలబడో నడుస్తూనో ఉంటాడు. మా ఊరి కరకట్ట మీద లాకులు ఎత్తి దించే ఉద్యోగం అతనిది. సముద్రం పోటెక్కితే తలుపులు మూయాలి, ఆటు తీస్తే తెరవాలి. రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు. నలభై ఏళ్ళు ఆ పని చేసినవాడికి కాళ్ళు ఒకచోట నిలవవంటే ఒప్పుకుంటాను. కానీ ఆ ఏడాది వేసవిలో అతను నా దుకాణంలో తిరిగిన తిరుగుడు వేరు.

నాది తుపాకుల దుకాణం. హ్యూబర్ట్ డ్రింగ్ అన్న పేరు తలుపు మీద మా నాన్న రాయించాడు, ఆయన పేరూ అదే కాబట్టి నాకు రంగు ఖర్చు కలిసొచ్చింది. ఇంగ్లండు తూర్పున మా వాష్ అఖాతం ఒడ్డు బురదమేటల మీద అడవి బాతుల వేటకి వెళ్ళేవాళ్ళంతా నా దగ్గరికే వస్తారు. వాళ్ళ సంఘానికి కార్యదర్శిని కూడా నేనే. ఇంకెవరూ ఆ చాకిరీకి ఒప్పుకోలేదు.

జూన్ మొదటి వారంలో ఆంబ్రోజ్ వచ్చి గల్లాబల్ల మీద సంఘం కార్డు పెట్టాడు. మళ్ళీ తీసి జేబులో వేసుకున్నాడు. మళ్ళీ పెట్టాడు. సెప్టెంబరు ఒకటిన వేట మొదలయ్యేలోపు తనకు నమ్మకం కుదిరే తుపాకి దొరక్కపోతే ఆ కార్డు ఇచ్చేస్తానన్నాడు. మా సంఘంలో కార్డు ఇచ్చేయడమంటే మాటలు కాదు. చోటు కోసం పదకొండేళ్ళుగా కాచుకుని ఉన్నవాళ్ళున్నారు. అరవై ఒకటో ఏట కార్డు వదులుకున్నవాడు తిరిగి మేట మీదికి రావడమన్నది ఉండదు. ముప్పై తొమ్మిదేళ్ళుగా అతనికి అక్కడ బురద నడుమ ఒక నీటి పాయ ఉంది, ఆ పాయ అంచున తన మోకాళ్ళు దిగిన గుంటలున్నాయి. లెగ్గట్ పాయ అంటే ఊళ్ళో అందరికీ తెలుసు.

ఇదంతా సీసం గుళ్ళు ఆపేసిన రెండో ఏడాది సంగతి. బురదలో పడ్డ సీసాన్ని గులకరాళ్ళనుకుని మింగి బాతులు చస్తున్నాయని చట్టం తెచ్చారు. మంచి చట్టమే. మావాళ్ళు మాత్రం కొంప మునిగినట్టు గోల చేశారు. సీసం మెత్తన, బరువెక్కువ. ఉక్కు గట్టిది, తేలిక. సీసం కోసం చేసిన తుపాకిలో ఉక్కు వేసి కాలిస్తే పాత గొట్టం ఉబ్బినా ఉబ్బుతుంది, చీలినా చీలుతుంది.

ఆంబ్రోజ్ దగ్గరున్నది వాళ్ళ నాన్న తుపాకి. పొడుగాటి జంట గొట్టాలు, రెండింటి మూతులూ బాగా ఇరుకు. ఆ ఇరుకునే మేము చోక్ అంటాం. మూతి ఎంత ఇరుకైతే గుళ్ళు అంత దగ్గరదగ్గరగా, అంత దూరం పోతాయి. దూరంగా ఎగిరే బాతుకి ఇరుకు మూతి ఉండాలన్నది మా నాన్న నాకు పాలతో పాటు పట్టిన పాఠం. ఆ తుపాకిని నేను కొలిచి చూశాను. గొట్టం అంచు పాత వెండి చెంచా అంత పలచన. మూతి తొలిచి వెడల్పు చేయడం కుదరదని చెప్పాను. అతను దాన్ని గుడ్డలో చుట్టి ఇంటికి తీసుకెళ్ళి, పొయ్యి మీది గోడకి తగిలించాడు. రెండు వారాలు నాతో మాట్లాడలేదు, గోడ మీద చోటు నేనే చూపించినట్టు.

అసలు బాధ అది కాదు. అంతకుముందు జనవరిలో జరిగింది ఆ బాధ.

అప్పుడు అతనికి కాల్చడానికి ఏమీ లేదని నేనే నా దుకాణం తుపాకి ఎరువిచ్చాను. మందపాటి గొట్టాలు, ఉక్కుకి పనికొస్తుందని పరీక్ష చేసి కొట్టిన లిల్లీ పువ్వు ముద్ర కూడా ఉంది. మూతికి మరలు తిప్పి బిగించే చోక్‌లు ఐదు రకాలు వచ్చాయి దానితో. పెద్ద బాతులకి వెళ్తున్నావు కదా అని అన్నిట్లోకీ ఇరుకైనదాన్ని నేనే నా చేత్తో బిగించి ఇచ్చాను. ఉక్కు తూటాల పెట్టెలో ఏదో కాగితం ఉంది. అది సొరుగులో పడేశాను. ముప్పై ఏళ్ళ పనివాణ్ణి, కాగితం చదివి నేర్చుకోవాలా అనుకున్నాను.

తెల్లవారుతుండగా గులాబి కాళ్ళ బాతులు గుంపుగా వచ్చాయి, ఎత్తులో. ఆంబ్రోజ్ వెనకటి సీసం లెక్కన అరవై గజాలకి కాల్చాడు. ఒక బాతు గాలిలో తుళ్ళింది, రెక్కలు చాచి జారుకుంటూ పాయలు దాటి, పోటు ఎక్కే అంచున బురదలో వాలింది. అక్కడికి మనిషి పోలేడు, కుక్కని పంపితే కుక్క రాదు. నీళ్ళు అప్పటికే పాయల్లోకి పాకుతున్నాయి. దాని జంట పక్షి గుంపుతో పోకుండా ఆ చోటు మీదే తిరిగింది. మూడు రోజుల పాటు, లాకుల మీద పని చేసుకుంటున్న ఆంబ్రోజ్‌కి ఆ అరుపు వినిపిస్తూనే ఉంది. ఆ మూడు రోజులూ ఆటు తీసినప్పుడల్లా అతను బురదలోకి దిగి వెతికాడు. దొరకలేదు.

మా సంఘానికి ఒక పుస్తకం ఉంది. మేట మీద నుంచి వచ్చినవాడు తేదీ, పేరు, కొట్టినవెన్ని, పోయినవెన్ని రాయాలి. 'పోయినవి' అనే గడి అప్పటికి అరవై ఏళ్ళుగా తెల్లగా ఉంది. అంటే మావాళ్ళు ఎన్నడూ పక్షిని గాయపరిచి పోగొట్టుకోలేదని కాదు. ఎవడూ రాయడు, అంతే. నేనూ రాయలేదు. ఆంబ్రోజ్ లెగ్గట్ వచ్చి, తడి చేతి తొడుగు తీసి, ఆ గడిలో 'ఒకటి' అని రాసి పేరు పెట్టాడు. ఆ రోజు పుస్తకం చుట్టూ ఉన్న ఐదుగురం గోడలు చూశాం.

అందుకని ఆ వేసవి తిరుగుడు. వారానికి రెండుసార్లు వచ్చేవాడు. తనంతట తానే తూటా ఎక్కించుకునే తుపాకి చూపిస్తే, బురద పడితే బిగుసుకుంటుందని, కాల్చిన తూటాల డొల్లలు మేట మీద చిమ్ముతుందని పక్కన పెట్టేశాడు. గొట్టం మీద గొట్టం ఉన్నది చూపిస్తే, ఇరుకు పాయలో వంగి కూర్చున్నవాడికి అంత వెడల్పుగా తెరవడం కుదరదన్నాడు. ఒకటి బరువు, ఒకటి మరీ మెరుస్తుంది, ఒకటి భుజానికి అత్తవారింటి దిండులా ఉంది. ఎత్తి చూస్తాడు, కిటికీలోంచి చర్చి గోపురం మీది కాకిని గురి పెడతాడు, దించుతాడు, మళ్ళీ ఎత్తుతాడు. దుకాణంలో నేల చెక్కలు ఎక్కడెక్కడ కిర్రుమంటాయో అతని వల్లే నాకు తెలిసింది. వాళ్ళావిడ ఎనిడ్ ఫోన్ చేసి, మంచం అక్కడే వేయించండి, దుప్పటి పంపిస్తానంది. ఇంట్లోనూ అదే వరసట. అన్నం ముందు నుంచి లేచి వెళ్ళి చీపురుకర్ర భుజానికెత్తి తోట మీది పావురాల్ని కొలుస్తాడట.

నాకు విసుగొచ్చేది. నిజం చెప్పాలంటే విసుగు కంటే భయం ఎక్కువ. అతను అడిగే ప్రశ్నలు ఒక్కొక్కటే ఆ జనవరి తుపాకి వైపు నడుస్తున్నాయి.

ఆగస్టులో అడిగేశాడు. కొత్తవాటిని కాగితం మీద కాల్చి చూసేటప్పుడు, నువ్వు ఎరువిచ్చినదాన్ని కూడా అదే చోక్‌తో కాల్చి చూడు డ్రింగ్, తప్పు తుపాకిదో నాదో నాకు తేలాలి అన్నాడు. సీసం రోజుల్లో ఇనుప రేకు మీద కాల్చేవాళ్ళం. ఉక్కు గుళ్ళు రేకుకి తగిలి మన మీదికే వస్తాయి కాబట్టి ఇప్పుడు చెక్క చట్రానికి కాగితం బిగించి, మధ్యలో ముప్పై అంగుళాల వలయం గీస్తాం. అతను రావలసింది పదింటికి. నేను ఏడింటికే దుకాణం వెనక పొలంలో నలభై గజాలకి ఆ తుపాకి కాల్చాను.

దగ్గరికి వెళ్ళి చూస్తే గుళ్ళు అంచుల్లో గుంపులు గుంపులుగా పడ్డాయి. నడుమ బోడితల లాంటి ఖాళీ. ఒక బాతు నిక్షేపంగా పట్టే ఖాళీ. నలభైకే ఇలా ఉంటే అరవైకి చెప్పక్కర్లేదు. లోపలికి వచ్చి సొరుగులో ఆ పాత కాగితం వెతికి చదివాను. పెద్ద ఉక్కు గుళ్ళకి ఇరుకు చోక్ వాడవద్దని, సగానికి మించి బిగించవద్దని రెండో వరసలోనే ఉంది. ఉక్కు సీసంలా నలగదు, ఇరుకులో కుక్కితే చెదిరిపోతుంది. రెండు తరాల పరువు అంటూ అందరి ముందూ ఎగిరే నేను రెండు వరసలు చదవలేదు.

అప్పుడు చేసిన పనికి ఇప్పటికీ సిగ్గుపడతాను. పొలంలో కాల్చిన ఆ చిల్లుల కాగితాన్ని మడిచి నూనె గుడ్డల కింద దాచాను. పదింటికి ఆంబ్రోజ్ వస్తే, "అది బాగానే పడిందోయ్," అన్నాను.

అతను తలాడించాడు. ఆ రోజే అతనికి తుపాకి దొరికింది కూడా. కొత్త జంట గొట్టాలది, నాటుగా, మందంగా, లిల్లీ ముద్రతో, పొడుగు తూటాలు పట్టేది. రెండు మూతులూ పావు చోక్ మాత్రమే. ముప్పై ఐదు గజాలకి వలయం నిండా గుళ్ళు నువ్వులు చల్లినట్టు సమంగా పడ్డాయి. అతను దాన్ని భుజానికెత్తి, చాలాసేపటికి దించి, ఇది చాలు అన్నాడు. మర్నాడే పాయ దగ్గర ముప్పై ఐదు గజాలు అడుగులతో కొలిచి ఒక విల్లో కర్ర పాతాడని విన్నాను. ఆ కర్ర దాటిన పక్షిని కాల్చకూడదని. నేను హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. గండం గడిచిందనుకున్నాను.

ఆగస్టు ముప్పై ఒకటి మధ్యాహ్నం తలుపు గంట మోగింది. ఆంబ్రోజ్. ఈసారి తిరగలేదు. నేరుగా వచ్చి కార్డు గల్లాబల్ల మీద పెట్టి, చెయ్యి వెనక్కి తీసేసుకున్నాడు. తుపాకి కూడా తెచ్చి పక్కన ఆనించాడు.

తుపాకిలో ఏం లోటని అడిగాను. తుపాకిలో లేదన్నాడు. జనవరిది బాగానే పడిందని నువ్వే చెప్పావు, అంటే లోటు నాలోనే ఉంది అన్నాడు. పట్నం పోయి కళ్ళ డాక్టరుకి చూపించుకున్నాడట. కళ్ళు దివ్యంగా ఉన్నాయని డాక్టరు అన్నాడట. అయితే చెయ్యి పోయి ఉండాలి అన్నాడు ఆంబ్రోజ్. ఆ చెయ్యి చాచి కిటికీ వెలుతురులో చూసుకున్నాడు. అది వణకడం లేదు. వణికితేనే బాగుండేదన్నట్టు చూశాడు దానివైపు.

"చెయ్యి పోయినవాడు ఏ తుపాకితో కాల్చినా ఒకటేనోయ్," అన్నాడు. "ఇంకో పక్షిని దాని జంట కోసం అలా తిప్పలేను. ఆ కార్డు తీసుకో."

కార్డు తీసుకుంటే సరిపోయేది. ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. పదకొండేళ్ళుగా కాచుకున్న కుర్రాళ్ళలో ఒకడు నాకు సీసా కూడా తెచ్చిచ్చేవాడు. నేను కార్డుని చూశాను, దాని అంచులు అతని జేబులో ముప్పై తొమ్మిదేళ్ళు నలిగి గుండ్రంగా అయిపోయాయి. వెనక్కి తిరిగి నూనె గుడ్డలు తీసి, ఆ చిల్లుల కాగితం మడత విప్పి అతని ముందు పరిచాను.

"ఇది జనవరి తుపాకితో కాల్చిన కాగితం. ఆ చోక్ పెట్టింది నేను. వద్దని పెట్టెలో రాసే ఉంది, నేను చదవలేదు. మొన్న నీకు అబద్ధం చెప్పాను, ఆంబ్రోజ్."

అతను కాగితాన్ని ఎత్తి కిటికీకి అడ్డంగా పట్టుకున్నాడు. చిల్లుల్లోంచి వెలుతురు పడింది. మళ్ళీ బల్ల మీద పరిచి, నడుమ ఖాళీలో ఒక అరచెయ్యి ఆనించాడు, పక్కన రెండోది కూడా ఆనించాడు. రెండు చేతులూ పట్టాయి. ఒక్క చిల్లూ వాటి కిందికి రాలేదు. అలాగే నిలబడ్డాడు. నన్ను తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

"ఏడు నెలలు," అన్నాడు చివరికి. "ఏడు నెలలుగా ఈ చేతిని చూసుకుంటున్నానోయ్, డ్రింగ్."

అతను ఇక దుకాణంలో తిరగడం మొదలుపెట్టాడు. తలుపు దాకా వెళ్ళాడు, వెనక్కి వచ్చాడు, మళ్ళీ వెళ్ళాడు. నేల చెక్కలన్నీ వరసగా కిర్రుమన్నాయి. వెళ్ళిపోతాడనుకున్నాను, ఇంక ఈ గడప తొక్కడనుకున్నాను. అతను గల్లాబల్ల ముందు ఆగి, సంఘం పుస్తకం తియ్యమన్నాడు. తీశాను. జనవరి పేజీ తిప్పాడు.

"అరవై గజాలకి కాల్చింది నేను. అది నాది, దాన్ని నీకివ్వను," అన్నాడు. "చోక్ నీది. రాయి."

కలం తీసుకున్నాను. 'పోయినవి' అనే గడిలో అతని పేరు కింద నా పేరు రాశాను. అక్షరాలు వంకరపోయాయి. అతను వంగి చూసి, సిరా ఆరిందాకా ఆగి, పుస్తకం మూశాడు. కార్డు తీసి జేబులో వేసుకున్నాడు. తుపాకి చంకన పెట్టుకుని, పోటు వేళయింది, లాకులు మూయాలని వెళ్ళిపోయాడు.

ఆ రోజుకి అతను నన్ను క్షమించాడో లేదో నాకు తెలియదు, అడగలేదు. మర్నాడు పొద్దున మేట మీద నుంచి తిరిగొచ్చి పుస్తకంలో రాశాడు. కొట్టినవి సున్నా, పోయినవి సున్నా. కర్ర లోపలికి ఒక్క పక్షీ రాలేదట. అతని వెనకే మేట నుంచి వచ్చి నిలబడ్డ మా సంఘం ముసలి టెడ్ బ్రిగ్స్‌టాక్ కలం అందుకుని, తలెత్తకుండా, నలభై ఏళ్ళుగా ఖాళీగా వదిలిన తన గడిలో 'ఒకటి' అని రాశాడు.