వెనక బెంచీల చేతులు

మా అక్క ఈ మరాఠీ ఊళ్లో, మన నేతవాళ్లుండే జోడ్‌భావి పేట్‌లో ఒక బడిలో ఏడో తరగతికి పాఠాలు చెబుతుంది. ఒక సాయంత్రం ఇంటికి వస్తూనే నా ఎదురుగా కూర్చుని, తన తరగతిలో ఒక పిల్ల చదువు మానేసేలా ఉందని చెప్పింది. ఆ పిల్ల తల్లి ఇంట్లో బీడీలు చుడుతుంది. పిల్ల సంచికీ జడకీ కూడా పొగాకు వాసన పట్టి ఉంటుంది. ఆ పిల్ల ముందు బెంచీకి నడిచి వెళ్తుంటే ఒకడు ముక్కు మూసుకుంటాడు, వాణ్ని చూసి ఇంకొందరు.

"నా దిక్కు ఒక్కరు లేరు బాయీ. దివాలీ సెలవులైనంక నేను రాను" అందట. టీచరమ్మను ఇక్కడ మరాఠీ పిల్లల్లాగే మన తెలుగు పిల్లలూ బాయి అంటారు.

ఆమె వైపు నిలబడేవాళ్లెవరో తెలిస్తే వాళ్ల పక్కన కూర్చోబెట్టాలని అక్క ఆలోచన. నేను టెక్స్‌టైల్ డిప్లొమా చదివి, టవళ్ల నాణ్యత పరీక్షించే ఉద్యోగం చేస్తున్నాను. కొలిచే పని కదా అని ప్రశ్నలు నన్నే రాయమంది. తోటివాళ్లను ఏడిపిస్తుంటే నువ్వేం చేశావు? వద్దన్నాను, బాయికి చెప్పాను, తర్వాత వెళ్లి ఓదార్చాను, నవ్వాను, ఏమీ చేయలేదు. కాగితాలు మేమిద్దరమే చూస్తామని పిల్లలకు మాటిచ్చాం.

దాదాపు అందరూ ఏమీ చేయలేదన్న దగ్గరే టిక్కు పెట్టారు. ఈ తరగతిలో ఆమెకు ఎవరూ లేరని అక్కతో తేల్చి చెప్పాను.

"కాయితం చూసి గింత చెప్తవు. ఒక్కసారి వచ్చి చూడరాదు" అంది అక్క.

మర్నాడు సెలవు పెట్టి అక్క తరగతిలో వెనక గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఆ పిల్ల తల వంచుకుని వచ్చింది. వాడు ముక్కు పట్టుకున్నాడు. వెంటనే వెనక బెంచీల నుంచి రెండు మూడు చేతులు లేచాయి. అరచేయి కిందికి తిప్పి, గాలిని రెండుసార్లు నొక్కినట్టు.

నాకు బాగా తెలిసిన సైగ అది. పవర్‌లూమ్ కార్ఖానాలో మగ్గాల మోతకు పక్కవాడి మాట వినబడదు. పోగు తెగితే, 'ఆపు' అని అలాగే చెబుతారు. నేతవాళ్ల పిల్లలకు ఇది ఎవరూ నేర్పనక్కర్లేదు. వాడు వెనక్కి తిరిగి అది చూసి, చెయ్యి దించి పుస్తకం తీశాడు. అప్పటికే ముందు బెంచీలో బోర్డు వైపు కూర్చున్న ఆ పిల్లకు ఇదేమీ కనిపించలేదు.

విరామంలో, చెయ్యెత్తిన పిల్లల్లో ఒకమ్మాయిని అడిగాను, మరి ఏమీ చేయలేదని ఎందుకు రాశావని.

"నేనేమనలే గద సార్. చెయ్యి చూపెట్టిన, గంతే."

రోజూ చూపిస్తావా అన్నాను.

"వాడు రోజూ చేస్తడు గద."

ఆ మోతలోనే పెరిగి కూడా చేతిసైగను జాబితాలో చేర్చలేదు నేను. అంతకన్నా పెద్ద లోపం ఇంకొకటి. సాయం చేశారా అని చేసేవాళ్లనే అడిగాను, అది ఆ పిల్లకు అందిందా అని అడగలేదు. టవల్ నీళ్లు పీలుస్తుందా అంటే నీళ్లలో వేసి చూస్తాం. ఇక్కడ ఆ పని చేయలేదు.

అక్క ఆ పిల్లను చివరి బెంచీకి, చెయ్యెత్తే పిల్ల పక్కకి మార్చింది. కారణం చెప్పలేదు. మరుసటి రోజు వాడు వెనక్కి తిరిగి ముక్కు మూసుకోగానే పక్కనే ఒక చెయ్యి లేచింది, తర్వాత అటు ఇంకొకటి. ఆ పిల్ల ఒక్కో చేతినీ, ఆ చెయ్యి ఎవరిదో చూస్తూ పోయిందట.

సెలవుల తర్వాత మొదటి రోజు అక్క ఇంటికి రాగానే నేను అడిగిన మొదటి మాట, ఆ పిల్ల వచ్చిందా అని. వచ్చిందంది. వాడు మాత్రం ఇంకా పూర్తిగా మానలేదట. ముందు బెంచీ ఖాళీగా ఉన్నా, ఎవరూ చెప్పకుండానే వెళ్లి వెనక కూర్చుందట.